ముఖమున కెక్కిన సిగ్గు

ఇంగ్లీషు భాషలో 'షేమ్‌ఫేస్డ్' అను విశేషణ మొకటి కలదు. తప్పు చేసి పట్టుబడినవాడును, ఇచ్చిన మాట నిలుపుకొనలేనివాడును, నలుగురిలో నగుబాటు పాలైనవాడును తల వంచుకొని నిలుచున్నప్పుడు వారి వాలకమును వర్ణించుటకు ఈ మాటను వాడుదురు. 'షేమ్' అనగా సిగ్గు, 'ఫేస్' అనగా ముఖము. ఈ రెండు మాటలు తెలిసిన బాలు డెవ్వడైనను నిఘంటువు తెరువకయే దీని యర్థమును చెప్పగలడు: ముఖమున సిగ్గు కనబడుచున్నవాడు. అర్థము సరియైనదే. వ్యుత్పత్తి మాత్రము సరికాదు. ఈ మాట పుట్టినప్పుడు ఇందులో ముఖమే లేదు.

వేయి సంవత్సరములకు పూర్వము ఇంగ్లండులో జనులు వాడిన మాట 'షేమ్‌ఫాస్ట్' యొక్క ప్రాచీన రూపము. 'ఫాస్ట్' అన్నంతనే నేటి విద్యార్థికి వేగము స్ఫురించును. రైలుబండియు, బంతి విసరువాడును గుర్తునకు వత్తురు. కాని ఆ మాటకు తొలి యర్థము దీనికి పూర్తిగా ఎదురు: కదలనిది, బిగియగట్టబడినది, గట్టిగా పట్టుకొని యున్నది. ఆ పాత యర్థము నేటికిని పలుచోట్ల నిలిచియున్నది. ఎన్నిమార్లు ఉతికినను రంగు వెలియని బట్టను గూర్చి చెప్పునప్పుడు ఇంగ్లీషువారు ఈ 'ఫాస్ట్' అను మాటనే వాడుదురు. గాఢనిద్రలో నున్నవానిని 'ఫాస్ట్ అస్లీప్' అందురు. వాడు వేగముగా నిద్రించుచున్నాడని దాని భావము కాదు గదా! గుండీ పెట్టుకొనుటకును, త్రాడు బిగించుటకును వాడు 'ఫాసెన్' అను క్రియ దీని సంతతియే. ఉపవాసమునకు గల 'ఫాస్ట్' అను పేరు కూడ ఈ కుటుంబములోనిదే. నియమమును గట్టిగా పట్టియుండుట ఉపవాసము. ఆ పట్టును విడుచుట 'బ్రేక్‌ఫాస్ట్', అనగా ఉదయమున మనము తిను ఫలాహారము. మరి వేగము ఎట్లు వచ్చెను? గట్టిగా అను అర్థము బలముగా అను అర్థముగా మారెను. బలముగా, పట్టు విడువక పరుగెత్తువాడు వేగముగా పరుగెత్తును. ఇట్లు కదలని దానికిని, మిక్కిలి వేగముగా కదలు దానికిని ఒకటే పేరు వచ్చినది. భాషలు చేయు పనులలో ఇట్టి విడ్డూరములు కొల్లలు.

కాగా 'షేమ్‌ఫాస్ట్' అనగా సిగ్గుచేత గట్టిగా నిలుపబడినవాడు అని భావము. 'స్టెడ్‌ఫాస్ట్' అను మాటతో దీనిని పోల్చి చూచిన విషయము తేటపడును. 'స్టెడ్' అనగా చోటు. ఉన్నచోట స్థిరముగా నిలిచినవాడు స్టెడ్‌ఫాస్ట్. సిగ్గు అను రాటకు కట్టబడి, తప్పు త్రోవకు పోజాలనివాడు షేమ్‌ఫాస్ట్. ఇది నిందావాచకము కాదు. వినయవంతుని, మర్యాద తెలిసినవానిని మెచ్చుకొనుట కుపయోగించిన మాట. నేటి షేమ్‌ఫేస్డ్ తప్పు చేసిన తరువాత వచ్చు సిగ్గును చెప్పును. నాటి షేమ్‌ఫాస్ట్ తప్పు చేయకముందే అడ్డుపడు సిగ్గును చెప్పెడిది. ఆ రెంటికిని నడుమ ఒక తప్పు కలదు.

ఈ మాటను వాడిన ప్రాచీనులలో ఆల్‌ఫ్రెడ్ రాజు ముఖ్యుడు. ఆయన 871 నుండి 899 వరకు ఇంగ్లండు దక్షిణభాగమున వెసెక్స్ రాజ్యము నేలెను. డేనుల దండయాత్రలచే దేశము చితికిపోయియుండెను. మఠములు కాలిపోయినవి, గ్రంథములు నశించినవి. లాటిను భాషలో వ్రాసిన జాబు నొకదానిని తమ భాషలోనికి మార్చి చెప్పగలవారు సైతము మిక్కిలి అరుదైరని ఆ రాజు స్వయముగా వాపోయెను. యుద్ధములు చేసిన చేతితోనే ఆయన కలము పట్టి, అందరును తెలిసికొనదగిన గ్రంథములను లాటిను నుండి దేశభాషలోనికి మార్చుటకు పూనుకొనెను. పండితులను చేరదీసి, వారి సాయము పొందెను. ఇట్లు మార్చిన గ్రంథములలో ఒకటి, 590 నుండి 604 వరకు రోమునగరమున పోపుగా నుండిన గ్రెగరీ వ్రాసినది. ఇతరులకు బోధించు బాధ్యత గలవారు ఎట్లు మెలగవలయునో అది తెలుపును. ఆల్‌ఫ్రెడ్ దాని ప్రతులను వ్రాయించి తన రాజ్యములోని బిషప్పులకు పంపెను. వూస్టరు నగరమునకు పంపిన ప్రతి నేటికిని ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ఆ గ్రంథములో బోధకునకు ఉపయుక్తమైన ప్రకరణము లెన్నియో కలవు. అందరికిని ఒకే తీరున బోధింపరాదనుట వాని సారము. బీదలకు చెప్పు తీరు వేరు, ధనికులకు చెప్పు తీరు వేరు. ఉల్లాసవంతులకు చెప్పునది వేరు, విచారగ్రస్తులకు చెప్పునది వేరు. ఈ వరుసలోనే సిగ్గులేనివారికిని సిగ్గుగలవారికిని వేర్వేరుగా చెప్పవలయునను ప్రకరణము వచ్చును. 'సిగ్గుగలవారు' అనుటకు ఆల్‌ఫ్రెడ్ వాడిన మాట షేమ్‌ఫాస్ట్ యొక్క ప్రాచీన రూపమే. సిగ్గులేనివాడు పలువురు గద్దించినగాని తన తప్పును తెలిసికొనజాలడనియు, సిగ్గుగలవానికి అతని తప్పును మెల్లగా జ్ఞాపకము చేసిన చాలుననియు ఆ ప్రకరణము చెప్పుచున్నది. మొదటివాని తప్పును ఎదురుగా నిలిచి ఖండింపవలయును. రెండవవాని తప్పును ప్రక్కనుండి తాకినట్లు తాకి విడువవలయును.

పాఠశాలలు పెట్టువారును, పాఠములు చెప్పువారును ఈ భేదమును ఎంతవరకు పాటించిరను ప్రశ్న నేటికిని మిగిలియున్నది. తరగతిలో తప్పు చదివిన బాలుని బల్లపై నిలుచుండబెట్టుట, నలుబదిమంది చూచుచుండగా 'నీకు సిగ్గు లేదా?' అని యడుగుట పలు దేశముల పాఠశాలలలో చిరకాలముగా నున్న ఆచారములు. ఆ ప్రశ్న వేయునప్పుడే ఒక విచిత్రము జరుగుచున్నది. నిజముగా సిగ్గులేని బాలునిపై ఆ ప్రశ్న ఏమియు పనిచేయదు; వాడు నవ్వి ఊరకుండును. సిగ్గు గలవాడే దానిచే నలిగిపోవును. అనగా గ్రెగరీ మొదటి తెగవానికి విధించిన ఔషధము రెండవ తెగవానికి పడుచున్నది. అట్టి శిక్షచే బాలుని ముఖము ఎర్రబడుట నిజము. ముఖము ఎర్రబడినంతమాత్రమున మనస్సు కట్టుబడినదని చెప్పుటకు వీలులేదు. మరునాడు వాడు తప్పు చేయుట మానునో, నోరు తెరచుటయే మానునో ఎవరు చెప్పగలరు? తెలుగు బాలురు ఇంగ్లీషు నేర్చుకొనునప్పుడు రెండవదియే తరచుగా జరుగుచుండుట ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

మాట చరిత్రకు మరలుదము. ఆల్‌ఫ్రెడ్ తరువాత అయిదు వందల ఏండ్లకు జీవించిన ఛాసర్ మహాకవి, తన కాంటర్‌బరీ కథలలో వైద్యుడు చెప్పిన కథయందు వర్జీనియా యను కన్యను వర్ణించుచు షేమ్‌ఫాస్ట్ అను మాటనే వాడెను. ఆయన కాలమునకు అది సజీవమైన మాట. కాని 'ఫాస్ట్' ఇట్టి సమాసముల చివర చేరుట క్రమముగా తగ్గిపోయెను. వేగము అను అర్థము బలపడిన కొలదియు, సిగ్గునకును వేగమునకును గల సంబంధ మేమియో సామాన్యులకు బోధపడదాయెను. పైగా నోట పలుకునప్పుడు రెండు రూపములకును భేదము స్వల్పము. 16వ శతాబ్ది మధ్యభాగము నాటికి 'షేమ్‌ఫేస్డ్' అను రూపము గ్రంథములలో కనబడసాగెను. కొంతకాలము రెండు రూపములును ప్రక్కప్రక్కనే నడచినవి. తుదకు క్రొత్తది నిలిచెను, పాతది మరుగుపడెను.

ఇట్టి మార్పును జనవ్యుత్పత్తి యందురు. తమకు తెలియని మాటను జనులు తెలిసిన మాటగా దిద్దుకొనుట దీని లక్షణము. పెండ్లికుమారునకు ఇంగ్లీషులో 'బ్రైడ్‌గ్రూమ్' అని పేరు. దాని ప్రాచీనరూపము చివర నున్న మాటకు మనిషి అని యర్థము. ఆ మాట వాడుకనుండి జారిపోగా, కుర్రవాడు, సేవకుడు అను అర్థముల నిచ్చు 'గ్రూమ్' వచ్చి దాని చోట కూర్చుండెను. ఏటి రొయ్యవంటి యొక జంతువునకు ఫ్రెంచివారి పేరు నరువు తెచ్చుకొని, ఆ పేరు చివరను తమ 'ఫిష్' అను మాటగా మార్చి ఇంగ్లీషువారు దానిని 'క్రేఫిష్' చేసిరి. అది చేప కాదు. మన తెలుగునాటను ఈ పని జరుగుచునే యున్నది. గోదావరి సీమలో ప్రసిద్ధమైన చక్కెరకేళి యను అరటిపండును పలువురు చక్రకేళి యనుచున్నారు. చక్కెర పోయి చక్రము వచ్చినను పండు తీపి తగ్గలేదు.

షేమ్‌ఫాస్ట్ విషయమున తీపి కొంత తగ్గినదని తలచినవారు లేకపోలేదు. బైబిలు గ్రంథమున తిమోతికి వ్రాసిన మొదటి లేఖ రెండవ అధ్యాయములో అణకువను తెలుపు ఒక గ్రీకు పదము కలదు. 1526 లో క్రొత్త నిబంధనను ఇంగ్లీషులో ముద్రింపించిన విలియమ్ టిండేల్ గాని, 1611 లో జేమ్సు రాజు ఆజ్ఞచే వెలువడిన ప్రసిద్ధానువాదమును సిద్ధము చేసిన పండితులు గాని, దానిని 'ఫాస్ట్' గల రూపముతోనే అనువదించిరి. అటుపిమ్మట ఆ గ్రంథమును మరల మరల అచ్చువేసినవారు తమ కాలపు వాడుక ననుసరించి, మెల్లగా 'ఫేస్' గల రూపమును ప్రవేశపెట్టిరి. అనువాదకు లెరుగని మాట వారి గ్రంథములో చేరిపోయెను.

19వ శతాబ్దిలో రిచర్డ్ ట్రెంచ్ అను విద్వాంసుడు దీనిని గూర్చి గట్టిగా ఆక్షేపించెను. ఆయన మత గురువే గాక, మాటల చరిత్రయందు మిక్కిలి మక్కువ గలవాడు. 1857 లో ఆయన ఇంగ్లీషు నిఘంటువుల లోపములను గూర్చి లండనులోని భాషాశాస్త్ర సంఘమున చదివిన వ్యాసములే ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు పుట్టుటకు దారితీసినవి. ముఖమున కనబడుటను మించిన బలము పాత మాటలో కలదనియు, అది నీతియందు నాటుకొని యుండుటను తెలుపుననియు ఆయన యభిప్రాయము. గ్రీకు భాషలో సిగ్గును తెలుపు రెండు పదములకు గల భేదమును గూడ ఆయన వివరించెను. మొదటిది మంచివానిని అయోగ్యమైన పనినుండి ఎల్లప్పుడును ఆపునట్టిది. రెండవది చెడ్డవానిని సైతము ఒక్కొక్కప్పుడు ఆపునట్టిది. మొదటిది లోపలినుండి పుట్టును. రెండవది లోకము చూచునను భయమునుండి పుట్టును. 1881 లో బైబిలు క్రొత్త నిబంధన అనువాదమును సవరించిన సంఘమున ట్రెంచ్ గూడ సభ్యుడు. ఆ సవరణలో పాతరూపమును తిరిగి నిలిపిరి. కాని అప్పటికే మూడు వందల ఏండ్లు గడచిపోయినవి. జనులు ఆ మాటను మరల నోట పట్టలేదు.

ట్రెంచ్ ఆక్షేపణ యెంత న్యాయమైనను, జనులను తెలివిలేనివారనుట తగదు. సిగ్గును ముఖమునందు చూచుటలో వారు ప్రకృతినే అనుసరించిరి. ఛార్లెస్ డార్విను 1872 లో మానవులును జంతువులును తమ భావములను వెలిబుచ్చు తీరును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, అందొక పూర్తి అధ్యాయమును ముఖము ఎర్రబడుటను గూర్చియే వ్రాసెను. అన్ని భావచిహ్నములలోను ఇది మానవునకు ప్రత్యేకమైనదని ఆయన నిర్ణయము. ఆయన పలు దేశములలోని వారికి ప్రశ్నలు పంపి, ఆయా జాతుల ప్రజలు సిగ్గుపడునప్పుడు ఏమి చేయుదురో విచారించెను. ముఖమును త్రిప్పుకొనుట, వంచుకొనుట, దాచుకొనుట అంతటను కనబడినవి. ఇతరులు తన్ను చూచుచున్నారు, తన్ను గూర్చి ఏమో తలచుచున్నారు అను తలంపే ముఖము ఎర్రబడుటకు ముఖ్యకారణమని ఆయన వాదించెను.

తెలుగువారి నుడికారము కూడ ఈ సంగతినే చెప్పును. అవమానపడినవాడు 'మొగము చెల్లక' ఊరు విడుచును. ప్రశ్నకు బదులు తోచనివాడు 'తెల్లమొగము' వేయును. ఆశాభంగమైనవాని మొగము 'చిన్నబోవును'. కొడుకు చేసిన పనికి తండ్రికి 'తలవంపులు' వచ్చును. అయితే తెలుగు, ముఖమునకు ఇన్ని మాటలు కేటాయించినను, సిగ్గు ఒక ఆస్తి వంటిదను భావమును పోగొట్టుకొనలేదు. 'సిగ్గుమాలిన' యను మాటయే దీనికి సాక్ష్యము. లేనిదానిని పోగొట్టుకొనుట ఎవరికిని సాధ్యము కాదు గదా.

ఇంగ్లీషులో ఈ తెగకు చెందిన ఇతర విశేషణములను చూచినను, అవి యెక్కువగా దెబ్బతిన్న స్థితినే చెప్పుచుండుట గమనింపదగినది. 'ఎంబరాస్డ్' ఫ్రెంచి నుండి వచ్చినది. అడ్డుతగులుట, దారి మూసికొనిపోవుట దాని తొలి భావము. అప్పులలో చిక్కుకొన్నవానికి కూడ దానిని వాడెడివారు. 'మార్టిఫైడ్' లో లాటిను భాషలోని మృత్యువు దాగియున్నది. సిగ్గుతో చచ్చినంత పని యైనది అని తెలుగువారును అందురు. 'క్రెస్ట్‌ఫాలెన్' అనగా జుట్టు వాలిన కోడిపుంజు. 'షీపిష్' అనగా గొర్రెవంటిది. తెలుగున గొర్రెకు వెనుకబడి నడచు అపకీర్తియే గాని సిగ్గరియను పేరు లేదు. అడ్డగింపబడుట, చచ్చుట, జుట్టు వాలుట! వీనిలో ఒక్కటియు మనిషిని నిలబెట్టు సిగ్గును చెప్పదు. ఆ పని చేసిన మాట షేమ్‌ఫాస్ట్. దానిని కూడ జనులు ముఖమునకు లాగివేసిరి.

అట్లని పాత మాటను పూజింప బనిలేదు. త్రాటితో కట్టుట యనగానే ఎవరు ఎవరిని కట్టిరి అని యడుగవలసియుండును. తిమోతికి వ్రాసిన లేఖలోని వాక్యము స్త్రీల వేషధారణమును గూర్చినది. ఛాసర్ మెచ్చిన వర్జీనియా ఒక బాలిక. ఆ కథలో ఆమె పరువు కాపాడుటకై ఆమె తండ్రియే ఆమె తల నరికెను. ఆమెను చెరపట్ట జూచిన న్యాయాధిపతిని ఆ సిగ్గు కట్టివేయలేదు. సిగ్గు అను ఆ త్రాడును లోకము అందరికిని సమముగా కట్టలేదు; స్త్రీలకు బిగించియు, బలవంతులకు వదులుగను కట్టెను. తెలియని సంగతిని అడుగుటకు వెనుదీయు విద్యార్థి కూడ ఒక విధముగా సిగ్గుచే కట్టుబడినవాడే. ఆ కట్టు అతనికి మేలు చేయదు. కావున ట్రెంచ్ పండితుడు విచారించినంతగా విచారింప నక్కరలేదు. షేమ్‌ఫేస్డ్ నేడు శుద్ధమైన ఇంగ్లీషు మాట. దానిని తప్పనువాడే తప్పు చేసినవాడగును. ఒక తప్పును అందరును నూరేండ్లు చేసినచో భాషలో అది ఒప్పగును. నీతిలో మాత్రము ఈ సూత్రము చెల్లదు.

మాట మారినందున వస్తువు మారవలెనను నియమము లేదు. తరగతిలో ఒక బాలుడు ఈ మాటను మొట్టమొదటిసారి చూచి, అక్షరములను కూడబలుకుకొని, 'షేమ్‌ఫాస్డ్' అని చదివెననుకొందము. తరగతి ఘొల్లున నవ్వును. వాని ముఖము ఎర్రబడును. నవ్వినవారి కెవ్వరికిని తెలియని సంగతి ఏమనగా, ఆ బాలుని తప్పు ఆల్‌ఫ్రెడ్ రాజు పలుకునకు తక్కినవారి ఒప్పుకంటె దగ్గరగా నున్నది. ఆ సంగతిని ఉపాధ్యాయుడు అప్పుడే తరగతికి చెప్పవచ్చును. లేదా గంట కొట్టిన పిమ్మట ఆ బాలుని ప్రక్కకు పిలిచి చెప్పవచ్చును. ఏది మేలో ఆ బాలుని ఎరిగినవానికే తెలియును.

షేమ్‌ఫాస్ట్ నేటి ఇంగ్లీషు నిఘంటువులలో ప్రాచీనము అను గుర్తుతో ఒక మూల నున్నది. దాని తోబుట్టువు స్టెడ్‌ఫాస్ట్ ఇంకను వాడుకలో నున్నది. దాని చివరి యక్షరములను ముఖముగా మార్చుటకు ఇంతవరకు ఎవ్వరికిని తోచలేదు.